విలన్ అంటే పాలేరు
ధైర్యానికీ మగతనానికీ పెద్దరికానికీ ఇంగ్లీషులో ఉన్న పాత మాటల మీద ఒక దళిత పరిశీలన

తెలుగు పల్లెల్లో బడిముఖం చూడనివాళ్ళ నోట కూడా నలిగే ఇంగ్లీషు మాటలు కొన్ని ఉన్నాయి. బస్సు, లారీ, డాక్టరు, ఓటు, పోలీసు. ఆ వరసలోదే విలన్. టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కుని సినిమా చూసొచ్చిన మా పేట ఆడవాళ్ళు మర్నాడు నాట్లల్లో హీరోని మర్చిపోయినా విలన్‌ని మాత్రం మర్చిపోయేవాళ్ళు కాదు. 'వాడి నోట్లో మన్నుబడ' అని వంగినచోటే శాపాలు పెట్టేవాళ్ళు. వాళ్ళ మగవాళ్ళలో సగంమంది పాలేర్లు. మా తాత బతికినన్నాళ్ళూ పాలేరు. మా నాయన పదేళ్ళు పాలేరు, ఆ తర్వాత రోజుకూలి.

విలన్ అంటే పాలేరని వాళ్ళెవరికీ తెలియదు. మాకూ తెలియదు. పరిశోధన కోసం యూనివర్సిటీకొచ్చి, అధ్యాయాలు ఇంగ్లీషులో రాయాల్సివచ్చి, ప్రతి మాటకీ నిఘంటువు తిరగెయ్యాల్సిన గతి పట్టినప్పుడు తెలిసింది. లాటిన్‌లో విల్లా అంటే కామందు ఇల్లు, దాని చుట్టూ ఉండే కమతం. ఆ కమతంలో మట్టి పిసికేవాడు విల్లానుస్. ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరేసరికి వాడు విలెయిన్. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచి, 1086లో దేశంలోని భూమినీ జనాన్నీ లెక్కగట్టి డూమ్స్‌డే పుస్తకం రాయించారు. ఆ లెక్కకెక్కిన జనంలో నూటికి సుమారు నలభైమంది ఈ విల్లానులే. తర్వాతి కాలంలో కోర్టులు వీళ్ళని స్వేచ్ఛలేని మనుషులుగా తేల్చాయి. దొర సెలవు లేనిదే ఊరు దాటకూడదు. వారంలో కొన్నాళ్ళు దొర పొలంలో వెట్టి చెయ్యాలి. కూతురికి పెళ్ళి చేసుకోవాలన్నా దొరకి సొమ్ము కట్టాలి. అట్లాంటి మనిషి పేరు కాలక్రమంలో మోటువాడు అయింది, తర్వాత నీచుడు అయింది, చివరికి దుర్మార్గుడు అయింది. ఇంగ్లీషువాళ్ళు స్పెల్లింగు కూడా చీల్చి చరిత్ర పుస్తకంలో పాలేరుని ఒక రకంగా, నాటకంలో దుర్మార్గుణ్ణి మరో రకంగా రాసుకుంటున్నారు. ఇద్దరూ ఒకడేనన్న సంగతి ఆ ఒక్క అక్షరం తేడాలో మరుగున పడిపోయింది.

అయితే ఈ వ్యాసం తిట్ల గురించి కాదు, మెప్పుల గురించి. నోబుల్, జెంటిల్, గాలంట్, షివల్రీ, వాలర్, వర్చ్యూ, మ్యాన్లీ, మెటిల్, ప్లక్ అనే పాతకాలపు మాటల గురించి. తిట్టు ఎవరి గడపలో పుట్టిందో తెలిస్తేగాని మెప్పు ఎవరి సొత్తో తెలియదు కాబట్టి అక్కడినుంచి మొదలుపెట్టాం.

మాకిది కాలక్షేపపు చర్చ కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక సెమినార్లో కారంచేడు మీద ఇంగ్లీషులో పేపరు చదివాం. 1985 జులై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు తాగే చెరువునీళ్ళలో గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు ఒక మాదిగ కుర్రవాణ్ణి కమ్మ యువకులు కొట్టారు. నీళ్ళకొచ్చిన ఒక మాదిగ స్త్రీ అడ్డంపోయింది. తన మీదికి లేచిన దెబ్బకి ఎదురుగా బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. బిందె ఎత్తిన ఆ చేతిని మేము మా పేపర్లో 'వాలర్' అన్నాం. చర్చలో ఒక పెద్ద ప్రొఫెసరుగారు లేచి, మృదువుగానే, వాలర్ యుద్ధరంగపు మాట, ఇక్కడ అతకదు, డెస్పరేషన్ అని దిద్దుకోండి అన్నారు. డెస్పరేషన్ అంటే ఆశ చచ్చినవాడి తెగింపు. హాలంతా తలలూపింది. మాకు ఆ పూట జవాబు తోచలేదు. మా మనిషి చేసిన పనికి ధైర్యమనే మాట ఎందుకు అతకదు? అతకడానికి ఆ మాటకున్న అర్హతలేంటి? ఈ వ్యాసం ఆలస్యంగా దొరికిన జవాబు.

1. ఊరి చివరి తిట్లు, కోటలోని మెప్పులు

ముందు నోబుల్ తీసుకుందాం. లాటిన్ నోబిలిస్ నుంచి వచ్చింది. దాని అర్థం 'తెలిసినవాడు'. అంటే నలుగురికీ తెలిసిన వంశంవాడు. జెంటిల్ అంటే ఫలానా వంశానికి చెందినవాడు. మెత్తనివాడు, సున్నితుడు అనే అర్థం తర్వాత పట్టింది. జెనరస్ అంటే మంచి పుట్టుక పుట్టినవాడు. దాత అనే అర్థం చాలా ఆలస్యంగా వచ్చింది. ఫ్రాంక్ అంటే నిజాయితీగా మాట్లాడేవాడు అని ఇప్పుడు చెప్పుకుంటున్నాం, అది గాల్ దేశాన్ని గెల్చుకున్న ఫ్రాంకులనే జాతి పేరు. గెలిచినవాడే స్వేచ్ఛగలవాడు, స్వేచ్ఛగలవాడే దాపరికం లేకుండా మాట్లాడగలవాడు! మనం డిగ్రీల్లో చదివే లిబరల్ ఆర్ట్స్ కూడా అంతే. బానిస కానివాడు నేర్వదగ్గ విద్యలు అని దాని మొదటి అర్థం. చేతిపని అందులోకి రాదు.

ఇక రెండోవైపు చూడండి. చర్ల్ అంటే పాత ఇంగ్లీషులో మామూలు రైతుమనిషి, ఇప్పుడు మొరటువాడు. నేవ్ అంటే కుర్రవాడు, పనికుర్రాడు, ఇప్పుడు మోసగాడు. బూర్ అంటే సేద్యగాడు, ఇప్పుడు సంస్కారం లేనివాడు. వల్గర్ అంటే జనసామాన్యానిది, ఇప్పుడు బూతు. లూడ్ అనే మాట కథ మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టింది. మొదట్లో దాని అర్థం చర్చి గురువు కానివాడు, అంటే అక్షరం రానివాడు. అక్కణ్ణించి జారి జారి కామాతురుడి దగ్గర ఆగింది. చదువు లేకపోవడమే చెడునడత అయిపోయింది. మా ఇంట్లో మాకు ముందు సంతకం పెట్టగలిగినవాళ్ళు లేరు. ఈ లెక్కన మా వంశమంతా ఏమవుతుంది?

ఈ తంతుకి ఇంగ్లీషు విమర్శకుడు సి.ఎస్.లూయిస్ 1960లో వచ్చిన 'స్టడీస్ ఇన్ వర్డ్స్' అనే పుస్తకంలో ఒక పేరు పెట్టాడు. హోదాను చెప్పే మాటలు నీతిని చెప్పే మాటలుగా మారిపోవడం అని. లూయిస్ గొప్ప పండితుడు, పరిశీలన సరైనదే. దీన్నంతా ఒట్టి గొప్పోళ్ళ అహంకారంగా కొట్టిపారెయ్యకూడదని కూడా ఆయన అంటాడు. కానీ ఆయన ఈ మేడని పై అంతస్తు నుంచి చూశాడు. నోబుల్ అనిపించుకున్నవాడు ఆ పేరుకి తగ్గట్టు బతకాలనుకుంటాడు, నిజమే. విలెయిన్ అనిపించుకున్నవాడి మాటేమిటి? వాడు ఎట్లా బతికినా ఆ పేరు వాణ్ణి వదల్లేదు గదా! ఈ గుట్టు అంతకుముందే, 1887లో, నీషే పట్టుకున్నాడు. 'మంచి' అనే భావం దొరల నోట పుట్టిందని చెప్పాడు. చెప్పి బాధపడలేదు, సంతోషించాడు. మనువుని మెచ్చుకున్న నీషేని అంబేద్కర్ ఎందుకు అంత గట్టిగా పట్టించుకున్నారో ఇక్కడ అర్థమవుతుంది.

ఇదంతా ఇంగ్లీషువాళ్ళ గొడవని మనం చేతులు దులుపుకోవడానికి లేదు. మన కులీనుడు ఎవడు? కులం నుంచి పుట్టినవాడు. పదో శతాబ్దపు ధనంజయుడి 'దశరూపకం' నాయకుడికి చెప్పిన గుణాల్లో రూఢవంశం ఒకటి. అంటే పేరున్న వంశంలో పుట్టకపోతే నాటకంలో నాయకుడు కాలేడు. చండాలుడు అనే కులం పేరు తెలుగులో ఏమైందో వేరే చెప్పాలా? కూర బాగోకపోయినా చండాలంగా ఉందంటారు, దారి బురదైనా చండాలమంటారు. అభ్యుదయ కవులూ అన్నారు, విప్లవ కథకులూ రాశారు. విలన్ మాటకి ఇంగ్లండులో ఏం జరిగిందో చండాల మాటకి ఇక్కడ అదే జరిగింది. తేడా ఒక్కటే. అక్కడ విలెయిన్ అనే వ్యవస్థ అంతరించింది, మాట మిగిలింది. ఇక్కడ మాటా మిగిలింది, అంటూ మిగిలింది.

ఇంగ్లండులో కూడా ఆ వ్యవస్థ దానంతటది పోలేదు. 1381లో రైతులు లేచారు. విలెయిన్ బతుకు మాకొద్దన్నారు. వాళ్ళ బోధకుడు జాన్ బాల్, ఆదాము హవ్వల నాడు జెంటిల్‌మన్ ఎక్కడున్నాడని నిలదీశాడు. ఒక మాట పుట్టుకని నడిబజార్లో ప్రశ్నించినందుకే కాదుగాని, ఆ ప్రశ్నతో జనాన్ని లేపినందుకు ఆ ఏడు జులైలో ఆయన్ని ఉరితీశారు. మాటల మీద విమర్శ మొదలుపెట్టింది పండితులు కాదు, పాలేర్లని మనం గుర్తుపెట్టుకోవాలి.

2. మగవాడూ, గుర్రమూ

ధైర్యపు మాటల దగ్గరికొద్దాం. వర్చ్యూ అంటే ఇప్పుడు సద్గుణం. దాని మూలం లాటిన్ విర్, అంటే మగవాడు. రోమన్లకి వర్చ్యూ అంటే యుద్ధంలో మగవాడు చూపే బలం. మన వీరుడూ ఆ విర్ ఒకే వేరు నుంచి చీలినవని భాషాశాస్త్రం చెబుతుంది. పురుషుడి నుంచి పౌరుషం వచ్చినట్టే అదీను. అదే వర్చ్యూ ఇంగ్లీషులో ఆడదానికి తగిలించేసరికి శీలం అయింది. మగవాడికి కత్తి పట్టే గుణం, ఆడదానికి తలుపేసుకునే గుణం. ఒకే మాట!

షివల్రీకి మూలం గుర్రం. ఫ్రెంచిలో షెవాల్ అంటే గుర్రం, షెవాలియే అంటే గుర్రమెక్కినవాడు. తమాషా ఏమిటంటే, దానికి మూలమైన లాటిన్ కబల్లుస్ మేలుజాతి గుర్రం కాదు, బరువులు మోసే తట్టువ. ఆ తట్టువ పేరు ఎక్కి దొరలు స్వర్గందాకా పోయారు. గుర్రం, కవచం, వాటిని చూసుకునే మనుషులు కావాలంటే భూమి కావాలి. భూమి ఉన్నవాడికే గుర్రం, గుర్రమున్నవాడికే షివల్రీ. కాలినడకన ఈటె పట్టుకుపోయి చచ్చినవాడి ధైర్యానికి అందులో చోటు లేదు. గుర్రానికీ మర్యాదకీ ఉన్న ఈ బంధం మనకు కొత్తేం కాదు. రాజస్థాన్, గుజరాత్ వంటి రాష్ట్రాల్లో దళిత పెళ్ళికొడుకు గుర్రమెక్కి ఊరేగితే రాళ్ళు పడ్డ వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. రాళ్ళు వేసేవాడికి షివల్రీ అనే మాట తెలియకపోవచ్చు, దాని అర్థం మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

షివల్రీ అంటే స్త్రీని గౌరవించడమని మాకు డిగ్రీలో పాఠం చెప్పారు. ఏ స్త్రీని? పన్నెండో శతాబ్దం చివర్లో ఆండ్రియాస్ కపెలానుస్ అనే మతగురువు ప్రేమశాస్త్రం ఒకటి లాటిన్‌లో రాశాడు. దొరసానుల్ని ఎట్లా పొగడాలి, ఎట్లా వేడుకోవాలి, ఎంత ఓపిక పట్టాలి అని పేజీలకి పేజీలు నడిపాడు. రైతుకూలి ఆడవాళ్ళ మీద మనసైతే ఏం చెయ్యాలో ఒక చిన్న అధ్యాయంలో తేల్చేశాడు. రెండు పొగడ్తలు పొగిడి, అనువైన చోటు చూసుకుని బలవంతం చెయ్యమన్నాడు. పుస్తకం మొత్తం వ్యంగ్యమని వాదించే పండితులున్నారు. వ్యంగ్యమే కావచ్చు. నవ్వుకున్నదెవరు, పొలంలో ఉన్నదెవరు అన్నది మా ప్రశ్న. కారంచేడుకి ముందూ తర్వాతా మన ఆడవాళ్ళు చెప్పుకున్న బాధలన్నీ ఆ చిన్న అధ్యాయంలో ఉన్నాయి.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. గాలంట్ అనే మాటకి మూలం ఫ్రెంచిలో కులాసాగా తిరగడం, జల్సా చెయ్యడం. సోకైనవాడు కాస్తా ఆడవాళ్ళ దగ్గర మర్యాదస్తుడయ్యాడు, తర్వాత యుద్ధంలో శూరుడయ్యాడు. మెటిల్ అంటే లోహమే. స్పెల్లింగు మార్చి మనిషి గట్టిదనానికి వాడుకున్నారు. వాలర్‌కి పాత అర్థాల్లో విలువ ఒకటి. మనిషి వెల ఎంతో చెప్పే మాట, ధైర్యం ఎంతో చెప్పే మాట అయింది. ప్రొఫెసరుగారు అతకదన్న మాట ఇదే. వెల కట్టేవాడు ఎప్పుడూ వేరే ఒకడుంటాడు మరి.

3. గుండె, కార్జం, తిత్తులు

ఇన్ని మాటల్లో ఒక్కటి మాత్రం మా పేట నుంచి పోయినట్టు అనిపించింది. అది ప్లక్. స్కూలు పుస్తకాల్లో చిన్నపిల్లల సాహసాన్ని మెచ్చుకునేటప్పుడు కనబడే మాట. దాని పాత అర్థం చూసినప్పుడు లైబ్రరీలో మాకు నవ్వాగలేదు. కసాయివాడు కోసిన జంతువు లోపలినుంచి ఒక్క గుంజున పెరికి తీసే గుండె, కార్జం, ఊపిరితిత్తుల గుత్తి. అదీ ప్లక్. కసాయి మొద్దు దగ్గర పుట్టిన ఈ మాట పద్దెనిమిదో శతాబ్దంలో పందేలకి కొట్టుకునే ముష్టిగాళ్ళ నోట ధైర్యానికి పేరైంది. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో అచ్చువేసిన అలగాజనపు మాటల నిఘంటువులోకి ఎక్కింది. మర్యాదస్తులు మొదట్లో దీన్ని చీదరించుకున్నారు. తర్వాత పందొమ్మిదో శతాబ్దంలో దొరబిడ్డలు చదివే బళ్ళలో ఆటల మైదానానికి చేరింది, అక్కణ్ణించి సామ్రాజ్యమంతా తిరిగింది.

ఇప్పుడు మన నోటి తెలుగు వినండి. 'వాడికి గుండె ఉందిరా' అంటాం. 'కలేజా ఉన్నోడు' అంటాం. 'దమ్ముంటే రా' అంటాం. కలేజా అంటే ఉర్దూలో కార్జం. దమ్ము అంటే ఊపిరి, తిత్తుల పని. గుండె, కార్జం, తిత్తి. ఇంగ్లీషు కసాయివాడు పెరికిన ఆ మూడే! ఒకరినొకరు చూసుకోని జనం, వేలమైళ్ళ దూరంలో, ధైర్యాన్ని ఒకే చోట వెతికారు. వంశంలో కాదు, గుర్రం మీద కాదు, కోసిన జంతువు కడుపులో. ఎందుకంటే దాన్ని కోసిందీ పంచుకున్నదీ వాళ్ళే. ధైర్యం ఎక్కడుంటుందో చేతులతో పట్టుకుని చూసినవాళ్ళు వాళ్ళే.

మా పేటలో గొడ్డుని కోసినప్పుడు కుప్పలు వేసేవాళ్ళు. మా నాయన గుండెకాయ ముక్క మాకు పెట్టి, తిను, చదువుకునేటోడికి గుండె గావాలి అనేవాడు. బళ్ళో ఆ కూర సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. పక్కన కూర్చునేవాడు జరిగి కూర్చుంటాడని భయం. శౌర్యం, ధైర్యం, పరాక్రమం, సాహసం అనే మాటలు తెలుగు వాచకంలో వల్లెవేశాం. గుండె, దమ్ము, కలేజా వ్యాసంలో రాస్తే సారు ఎర్రసిరాతో కొట్టేసేవారు. అవి గ్రామ్యాలట. మా తునకలాగే మా ధైర్యానికి కూడా బళ్ళో చోటు లేదు.

అయితే ప్లక్ చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. పైకి చేరాక ఆ మాట రంగు మారింది. దొర దాన్ని తనకి తాను వాడుకోవడం తగ్గించి కిందివాళ్ళకి వాడడం మొదలుపెట్టాడు. పిల్లలకీ, ఆడవాళ్ళకీ, 1914లో జర్మనీ ఆక్రమించిన బెల్జియం లాంటి చిన్న దేశాలకీ. అంటే వీపుమీద చిన్నగా తట్టి 'ఫర్వాలేదే, నీకూ కొంచెం ఉందే' అనడం. మన మాట వాళ్ళ చేతికెళ్ళి మనకే బిచ్చంగా తిరిగొస్తుంది. దళిత సాహిత్యానికి అవార్డులిచ్చి 'ముడి శక్తి' ఉందని మెచ్చుకునే విమర్శకులు మనకు తెలియనివాళ్ళు కాదు.

4. పటాలంలో కులపరీక్ష

ఈ మాటలు ఓడెక్కి మన దేశానికి వచ్చాక నిఘంటువులో ఊరుకోలేదు. సైన్యంలో భర్తీ రూళ్ళయ్యాయి. 1818 జనవరి 1న భీమా కోరేగావ్‌లో పీష్వా సైన్యాన్ని నిలువరించిన కంపెనీ పటాలంలో మహార్ సిపాయిలున్నారు. అక్కడ బ్రిటిష్‌వాళ్ళు కట్టించిన రాతిస్తంభం మీద 'నాక్' అని ముగిసే వాళ్ళ పేర్లున్నాయి. ధైర్యాన్ని మెచ్చుకునే ఇంగ్లీషు మాటలు ఆ రాతి మీదే చెక్కారు. చెక్కినవాళ్ళే ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి మాట మార్చారు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి, ఆ తర్వాత భారత సైన్యానికే సేనాధిపతి అయిన ఫ్రెడరిక్ రాబర్ట్స్, దక్షిణాది సిపాయిలు యుద్ధానికి పనికిరారని తీర్మానించాడు. మగసిరి కొన్ని జాతుల సొత్తు అన్నారు. దానికి మార్షల్ రేసెస్ సిద్ధాంతమని పేరు. ఉత్తరాది రంగు, ఎత్తు, కులం చూసి మ్యాన్లీ అని సర్టిఫికెట్ ఇచ్చారు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళకి చోటు కుదించుకుపోయింది. 1890ల మొదట్లో మహార్ల భర్తీ ఆగిపోయింది. సుబేదారు రాంజీ సక్పాల్ కొడుకుగా 1891లో మౌ కంటోన్మెంటులో పుట్టిన అంబేద్కర్‌కి ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు, ఇంటి సంగతి. ఆయన 1927 జనవరి 1న కోరేగావ్ స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడ్డది ఊరికే కాదు.

మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు కావాల్సివచ్చి మహార్లని మళ్ళీ పిలిచారు, యుద్ధం ముగిశాక మళ్ళీ పొమ్మన్నారు. 1941లోగాని మహార్ రెజిమెంటు నిలబడలేదు. 1943లో పెట్టిన చమార్ రెజిమెంటుని 1946లో రద్దుచేశారు. అంటే కింది కులాల ధైర్యం అవసరానికి వాడుకునే కూలి. పని అయిపోతే రేపట్నించి రావద్దంటారు.

తమ సొంత పేదవాళ్ళని కూడా ఇంగ్లండు ఇట్లాగే చూసింది. ఆ యుద్ధంలో ఫిరంగుల మోతకి మనసు చెదిరిన ఆఫీసర్లకి ఎక్కువగా న్యూరస్తీనియా అని రాశారు, మామూలు సిపాయిలకి హిస్టీరియా అని రాశారు. హిస్టీరియా గర్భసంచి పేరుమీద పుట్టిన మాట. దొరబిడ్డకి నరాల అలసట, కూలివాడి బిడ్డకి ఆడరోగం! పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకి సైనిక కోర్టులు కాల్పించిన దాదాపు మూడువందల యాభైమందిలో ఆఫీసర్లు ముగ్గురే. వాళ్ళలో 306 మందికి 2006లో క్షమాభిక్ష పెట్టారు. పిరికివాడు అనే మాట వెనక్కి తీసుకోవడానికి తొంభై ఏళ్ళు పట్టింది.

అమెరికన్ విమర్శకుడు పాల్ ఫసెల్ 1975లో రాసిన 'ది గ్రేట్ వార్ అండ్ మోడర్న్ మెమరీ'లో ఈ పాత వీరపదాలకి ఒక జాబితా వేశాడు. 1914కి ముందు కవిత్వమంతా వీటితోనే నడిచిందనీ, కందకాల బురదలో ఆ భాష కూలిపోయిందనీ చెప్పాడు. ఇంగ్లీషు శాఖల్లో దీన్ని వేదవాక్యంగా చెబుతారు. అక్కడ పోయిందేమో, ఇక్కడ పోలేదు. మన సైనిక అకాడమీలో శిక్షణ పొందేవాణ్ణి చాలాకాలం జెంటిల్‌మన్ కేడెట్ అన్నారు. పోలీసులకి గాలంట్రీ పేరుతో రాష్ట్రపతి పతకాలిస్తారు. ఇంగ్లండులో పాతబడ్డ మాట మన గెజిట్లో నిక్షేపంగా బతుకుతోంది.

5. మన ధైర్యానికి ఊళ్ళో పేరు

సరే, మెప్పు మాటలు మనకు లేవు. మరి మన ధైర్యాన్ని ఊరు ఏమంటుంది? పొగరు. తలపొగరు. బలుపు. ఒళ్ళు కొవ్వు. చెప్పులేసుకుని వీధిలో నడిస్తే పొగరు. ఇస్త్రీ చొక్కా వేస్తే బలుపు. కూలి పెంచమంటే కొవ్వు. అదే గుండె, అదే కార్జం, కానీ మన ఒంట్లో ఉంటే కొవ్వు కింద లెక్క. కోసి తీసెయ్యాల్సిందని దాని భావం. బిందె ఎత్తిన చేతిని కూడా ఊరు అట్లాగే చూసింది.

ఇంగ్లీషులో దీనికి దీటైన మాట ఇన్సొలెన్స్. దాని లాటిన్ మూలానికి అర్థం 'అలవాటు లేనిది'. ఇంతకన్నా నిజం ఇంకొకటి లేదు. నీళ్ళు మురికి చేస్తే ఊరుకోవడం అలవాటు, అడగడం అలవాటు లేనిది. దెబ్బ కాసుకోవడం అలవాటు, బిందె ఎత్తడం అలవాటు లేనిది. మన సంస్కృతంలో సాహసం చూడండి. ధర్మశాస్త్రాల్లో అది నేరం. మనుస్మృతి బలాత్కారంతో చేసే నేరాలకి సాహసమని పేరు పెట్టి, శిక్షలు చెప్పింది. కావ్యంలో రాజుకి అదే ఆభరణమైంది. చేసిన పని ఒకటే. చేసిందెవరన్నదాన్ని బట్టి అది నేరమో, శౌర్యమో తేలుతుంది.

ఈ వెలుగులో సెమినార్ మాట మళ్ళీ విందాం. డెస్పరేషన్ తిట్టు కాదు. పొగరు అన్నదానికన్నా మర్యాదైనది, సానుభూతి కూడా ఉన్నది. కానీ అది ఆమె చేతిలోంచి నిర్ణయాన్ని లాక్కుంటుంది. వేరే దారిలేక చేసిందంటుంది. వేరే దారి ఉంది గదా! తరతరాలుగా అందరూ నడిచిన దారి, తల దించుకుని బిందె నెత్తినెట్టుకుని వెళ్ళిపోయే దారి. ఆమె దాన్ని కాదనుకుంది. కాదనుకోవడమే ధైర్యం. ఊరి పొగరూ, యూనివర్సిటీ డెస్పరేషనూ వేరువేరు మర్యాదలతో ఒకే పని చేస్తున్నాయి. మన మనిషికి మనసు పెట్టి ఎంచుకునే శక్తి ఉందని ఒప్పుకోవు.

6. ఏ మాట రాయాలి?

మరి ఈ మాటల్ని పారెయ్యాలా? తొందరపడొద్దు. 1873లో ఫూలే 'గులాంగిరి' రాసి, నీగ్రో బానిసల్ని విడిపించే పనిలో త్యాగం చేసిన అమెరికా ప్రజలకి ఇంగ్లీషులో అంకితమిచ్చాడు. ఆ అంకితంలో నోబుల్ అనే మాట వాడాడు. వంశానికి కాదు, చేసిన పనికి. మాలి కులస్తుడు అమెరికా ప్రజలకి నోబుల్ అని పేరు పెడుతున్నాడు! వెల కట్టే కుర్చీలో తాను కూచున్నాడు. మాటని గుంజుకోవడమంటే ఇదీ.

కానీ గుంజుకునేటప్పుడు దాని వెంట ఏమొస్తుందో చూసుకోవాలి. ఇక్కడ మమ్మల్ని మేమే విమర్శించుకోవాలి. మన సభల్లో, మన పాటల్లో, మన కవిత్వంలో మగతనం, పౌరుషం ఎన్నిసార్లు వస్తున్నాయి? 'మేమేం గాజులు తొడుక్కు కూచోలేదు' అని మైకుల్లో ఎన్నిసార్లు అన్నాం? మేము కూడా అన్నాం, ఆ మాటకి చప్పట్లు కూడా కొట్టించుకున్నాం. కారంచేడు చెరువుగట్టున ముందు లేచింది గాజుల చెయ్యే. ఆ చేతి పేరుమీద ఉద్యమం కట్టి, ఆ ఏడాదే దళిత మహాసభ పెట్టుకుని, ఆ వేదిక మీదే గాజుల్ని పిరికితనానికి గుర్తుగా తిట్టుకున్నాం. రోమన్ల విర్ మనలోకి ఎప్పుడు దూరాడో మనకే తెలియలేదు. దళిత స్త్రీలు ఈ సంగతి అడుగుతూనే ఉన్నారు. సమాధానం చెప్పాల్సింది మనం.

మా పేపరు సంగతి చెప్పి ముగిస్తాం. దాన్ని థీసిస్ అధ్యాయంగా మార్చేటప్పుడు డెస్పరేషన్ రాయలేదు. వాలర్ కూడా కొట్టేశాం. ప్రొఫెసరుగారు అతకదన్నందుకు కాదు. వెల కట్టే మాట మాకు అక్కర్లేదని తెలిసినందుకు. మ్యాన్లీ రాయలేం, ఆమె మగవాడు కాదు. షివల్రీకి గుర్రం లేదు. ప్లక్ మాదే, కానీ వాళ్ళ చేతుల్లో చిన్నదైపోయింది. చివరికి చాలా మామూలు మాట మిగిలింది. కరేజ్. ఫ్రెంచి మీదుగా వచ్చిన ఆ మాటకి మూలం లాటిన్ కోర్, అంటే గుండె. అంతే. వంశం అడగదు, గుర్రం అడగదు, మగా ఆడా అడగదు. దొరకీ పాలేరుకీ ఎడమవైపునే కొట్టుకునేది.

మా తర్వాత వచ్చే దళిత పరిశోధకులకి ఒక మాట. ఇంగ్లీషు మనకు అవసరం, అది నేర్చుకోవడంలో రాజీ లేదు. కానీ నిఘంటువు తెరిచినప్పుడు అర్థం దగ్గర ఆగిపోవద్దు. ఆ మాట ఏ ఇంట్లో పుట్టిందో, ఎవరి వీపు మీద పెరిగిందో ఆ కింది వరుసలో చిన్న అక్షరాల్లో రాసుంటుంది. అది కూడా చదవండి. నాట్లల్లో వంగి విలన్‌ని తిట్టిన మా ఆడవాళ్ళు ఎవరిని తిడుతున్నారో వాళ్ళకి తెలియనివ్వలేదు. మనకు తెలిసింది. తెలిసి కూడా ఆ మాటలు అట్లాగే రాస్తే తప్పు మనది.